ఇద్దరికీ ఒకే డ్రైవు

కొత్త కంప్యూటర్ వస్తోందని తెలిసినప్పటి నుంచీ ఎడిటరమ్మ తన టేబుల్ మీద చోటు చేస్తూ వచ్చింది. తెర వెనక చిక్కులుపడ్డ వైర్లను విడదీసి, చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసింది. పెన్నుల డబ్బాను కిటికీ గట్టు మీదికి మార్చింది. ఎవరికీ అక్కర్లేని పాత సీడీల దొంతరను అట్టపెట్టెలో సర్ది బీరువా మీదికి ఎక్కించింది. ఆ కంప్యూటర్ నీకేనని ఆమెతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచనూ లేదు. బయటివాళ్ళు ఫోన్ చేస్తే "ఎడిటరమ్మగారు ఉన్నారా?" అని అడుగుతారే తప్ప స్టూడియో ఓనరు ఉన్నాడా అని అడగరు.

స్టూడియో ఒక బట్టల కొట్టు పైన ఉంది. మొత్తం మూడు గదులు. ముందుగది ఓనరుది. మధ్యగదిలో గోడలకు నురగ దిండ్లు అతికించి ఉంటాయి. శబ్దాల పని అక్కడే. ఆ గదిలో కూర్చునే నెరిసిన మీసాలాయన్ని అందరూ సౌండు మామ అంటారు. చివరిది ఎడిటింగ్ గది. అందులో రెండు టేబుళ్ళు. కిటికీ పక్కది ఎడిటరమ్మది, తలుపు పక్కది ఆమె భర్తది.

పెట్టె రాగానే ఓనరు తనే స్వయంగా టేపు కోశాడు. లోపలినుంచి వెండిరంగు తెర బయటికొచ్చింది. ఎడిటరమ్మ తడిగుడ్డతో టేబుల్ ఇంకోసారి తుడిచి, పక్కకి జరిగి నిలబడింది.

"అమ్మా, మీ సిస్టమ్ కాస్త ఆ తలుపు దగ్గరికి మార్చుకుందాం," అన్నాడు ఓనరు. "మీవారిని ఇక్కడ కూర్చోబెడదాం. కొత్త ప్లగ్గు పాయింటు ఇక్కడే వేయించాను."

తడిగుడ్డ ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. భర్త వైపు చూసింది. అతను కీబోర్డు మీది పల్చటి కాగితాన్ని ఊడదీస్తున్నాడు. అది ఎక్కడ చిరిగిపోతుందో అన్నంత జాగ్రత్తగా, తల ఎత్తకుండా తీస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అలాగేనండీ," అంది ఆమె.

సౌండు మామ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఎవరికిస్తేనేం, మీ ఇంట్లోకే వచ్చిందిగా! స్వీట్లు ఎప్పుడమ్మా?"

"ఆయన్నే అడగండి. కొత్త పెళ్ళికొడుకు ఆయనేగా!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వు కూడా బాగానే వచ్చింది. ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్ళి తడిగుడ్డను పిండింది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉంది.

పరాయివాళ్ళెవరికైనా ఇచ్చి ఉంటే పని సులువయ్యేది. అరిచేది, అలిగేది, మానేస్తానని బెదిరించేది. ఇచ్చింది మొగుడికి. కెమెరా కేబుళ్ళు మోసుకుంటూ ఆ స్టూడియోకి వచ్చిన కుర్రాణ్ణి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని, షాటు ఎక్కడ కోయాలో, ఎందుకు కోయాలో నేర్పించింది ఆమే. మొగుడి బాగు చూసి కుళ్ళుకునే ఆడదాన్ని లోకం ఏమంటుందో ఆమెకు తెలుసు. అందుకే గుడ్డ ఆరేసి, ముఖం కడుక్కుని, తలుపు పక్క టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుంది.

కంప్యూటర్ వెంటే సినిమా కూడా భర్తకే వెళ్ళింది. ఒక రేవు మీద తీసిన సినిమా అది. వంతెన కట్టడంతో ఆగిపోయిన పడవ, దాన్ని నడిపిన ముసలాయన, ఆఖరి వారాల్లో ఆ పడవెక్కిన జనం. తీసింది నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ. ఇంతకుముందు ఆవిడ తీసిన రెండు సినిమాలకూ ఎడిటింగ్ ఎడిటరమ్మదే. ఈసారి ఆమెకు మిగిలింది పేర్లు వేయడం, తెర కింద సబ్‌టైటిల్స్ మాటలు వేయడం.

"పైపని మీరు చూసుకోండమ్మా, మీ చెయ్యి పడితే నీటుగా ఉంటుంది," అన్నాడు ఓనరు.

సినిమా మొత్తం ఒక నల్లటి హార్డ్‌డ్రైవులో ఉంది. అరచేతిలో పట్టేంత డ్రైవు. కిందపడినా దెబ్బ తగలకుండా దానికి నారింజరంగు రబ్బరు తొడుగు ఉంది. దాన్ని మొదట సిద్ధం చేసింది ఎడిటరమ్మే, తన విండోస్ కంప్యూటర్ మీద.

ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే అత్తగారి గొంతు కింది అంతస్తుకే వినిపించింది. ఎదురింటావిడతో చెప్తోంది. "మావాడికి ఆఫీసులో పెద్ద మిషను ఇచ్చారు. వాడొక్కడికే. మా కోడలికి కూడా వాడే చూపించాలట ఇకమీదట!" కోడల్ని చూసి అత్తగారు నవ్వింది. కల్మషం లేని నవ్వు. "ఏమ్మా, అంతేగా?"

"అంతే అత్తయ్యా," అంది ఎడిటరమ్మ, చెప్పులు విప్పుతూ.

అన్నాల దగ్గర భర్త చాలాసేపు గిన్నెలో గరిటె తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ డ్రైవు నా మిషనుకి పెడితే ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి. తెరుచుకుంటున్నాయి కూడా. కానీ ఏదీ సేవ్ అవ్వడం లేదు. ఫోల్డర్ పేరు మార్చబోతే అది కూడా ఒప్పుకోవడం లేదు. ఎందుకంటావ్?"

ఎందుకో ఆమెకు తెలుసు. ఆ కొత్త మ్యాక్ కంప్యూటర్ విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవును చదవగలదు, దానిమీద రాయలేదు. రెండింటికీ సరిపడే పద్ధతి వేరే ఉంది, ఎక్స్‌ఫ్యాట్ అంటారు. లోపల ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ చేసి, డ్రైవును ఆ పద్ధతిలో ఫార్మాట్ చేసి, మళ్ళీ వెనక్కి నింపాలి. ఒక్క మాటలో చెప్పొచ్చు. చూడొచ్చు గానీ చెయ్యి వేయకూడదంటే ఎలా ఉంటుందో నీకూ కాస్త తెలియనీ అనుకుంది.

"ఏమో, కొత్త మిషను కదా. కొన్నచోటే అడగండి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నీళ్ళగ్లాసు అందుకుంది.

మర్నాడు అతను అక్కడా ఇక్కడా అడిగి, సగం తెలుసుకుని, సగం ఊహించి, పని కానిచ్చాడు. అంతా కొత్త కంప్యూటర్లోకి లాగి, డ్రైవును ఆ కంప్యూటర్ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసి, తిరిగి నింపాడు. కంప్యూటర్లో చోటు చాలక అక్కడి కాపీని చెరిపేశాడు. రెండో డ్రైవు కొనమని అడిగితే ఓనరు చూద్దామన్నాడు. ఇక సినిమా అన్నది ప్రపంచంలో ఆ నారింజ తొడుగులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎడిటరమ్మ తన పని తను చేసుకుంటూ వీపు వెనక శబ్దాలు వింది. పడవ గుంజకు కట్టిన తాడు కిర్రుమనడం. ఎవరో పిల్లను పేరు పెట్టి కేకేయడం. మళ్ళీ తాడు. భర్త ఒకేచోట ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడిపిస్తున్నాడు. ఎక్కడ తికమకపడుతున్నాడో ఆమెకు వింటుంటేనే తెలుస్తోంది. ఒకట్రెండుసార్లు అతని కుర్చీ ఇటు తిరిగిన చప్పుడైంది. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. వాటిలో ఏ పాటా లేదు, ఏ మాటా లేదు.

పేర్ల అక్షరాలు చూడ్డానికి డైరెక్టర్‌గారు వచ్చిన రోజున ఓనరు, సౌండు మామ కూడా ఎడిటింగ్ గదిలోనే ఉన్నారు. భర్త డ్రైవును తన కంప్యూటర్ నుంచి తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె కేబుల్ గుచ్చింది. డ్రైవు మీది చిన్న దీపం వెలిగింది. తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతోంది.

చూడగానే అర్థమైపోయింది ఆమెకు. చేయమంటే అంతా పోతుంది. చేయవద్దంటే ఏమీ కాదు. డ్రైవులో ఉన్నది ఉన్నట్టే ఉంది, తన కంప్యూటర్‌కి ఆ భాష రాదు, అంతే. ఆమె చూపుడువేలు మౌస్ మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత 'వద్దు' అన్నదాన్నే నొక్కింది.

నొక్కి, కుర్చీ వెనక్కి తిప్పింది.

"ఇందులో ఏమీ కనిపించడం లేదండీ," అంది. "ఫార్మాట్ చేయమంటోంది. పోయినట్టుంది."

"పోవడమంటే?" అన్నారు డైరెక్టర్‌గారు.

ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ చేతుల్ని పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. "ఆ పడవని పలకలు పలకలుగా ఊడదీసి అమ్మేశారమ్మా. ఆ ముసలాయన కూతురింటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వెళ్ళి తీయడానికి అక్కడేం లేదు."

ఓనరు భర్త మీదికి తిరిగాడు. "ఇంకో కాపీ పెట్టుకోవాలని తెలీదూ? ఇందుకేనా నీకు మిషను కొనిపెట్టింది? కేబుళ్ళు మోసేవాడికి పెత్తనం ఇస్తే ఇలాగే ఉంటుంది!"

సౌండు మామ గోడవైపు చూశాడు. భర్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎడిటరమ్మ అతన్నే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ కడుపులో మండుతున్నదాని మీద ఎవరో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. హాయిగానే ఉంది. ఉందని తనకు తెలుస్తోంది కూడా. కానీ అతను ఆమె టేబుల్ దగ్గరికొచ్చి కేబుల్ తీయబోయినప్పుడు వేళ్ళు ఎంత వణికాయంటే, రెండుసార్లు లాగితే గానీ అది ఊడిరాలేదు. ఆ వేళ్ళను చూశాక హాయి ఎటో పోయింది.

అతను డ్రైవును కిటికీ దగ్గరికి తీసుకుపోయి తన కంప్యూటర్‌కి పెట్టాడు. తెర మీద డ్రైవు గుర్తు కనిపించింది. ఫోల్డర్లు తెరుచుకున్నాయి. ఎప్పటిలాగే తాడు కిర్రుమంది. అతను టేబుల్ మీద నుదురు ఆనించేశాడు.

"మరి ఈవిడ దాంట్లో ఎందుకు రాలేదయ్యా?" అన్నాడు ఓనరు.

అతను తలెత్తి ఆమెను చూశాడు. చాలా మామూలుగా చూశాడు. ఆ చూపులోనే అతనికి అంతా తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది.

"నాదే తప్పండీ," అన్నాడు. "నా మిషనుకి మాత్రమే పనికొచ్చేలా ఫార్మాట్ చేశాను. ఆవిడ సిస్టమ్‌కి అది కనిపించదు. ఆదివారం వచ్చి ఇద్దరికీ పనికొచ్చేలా మార్చేస్తాను."

డైరెక్టర్‌గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. సోమవారం వచ్చి సినిమా మొత్తం చూస్తానని చెప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ బస్సెక్కకుండా నడిచారు. దుకాణాలవాళ్ళు బయట పెట్టిన సరుకు లోపలికి సర్దుకుంటున్నారు.

"నీకు తెలుసు కదూ?" అన్నాడు అతను.

"తెలుసు."

"మొదట అడిగినప్పుడు కూడా?"

"అప్పుడూ తెలుసు."

అతను ఒక అరుగు దగ్గర ఆగాడు. "ఆవిడ ముఖం చూశావా? నన్నేమైనా చెయ్. ఆ పెద్దావిడ ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు. నాదే బుద్ధి గడ్డి తింది." వెంటనే ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "మరి నేనేం చేశాను? నీకు కుర్చీ వేసి నేర్పించానే, అదా నేను చేసింది? టేబుల్ తుడుచుకుని నిలబడ్డాను రా, పిచ్చిదానిలా! నీ చేతులతో నా కంప్యూటర్ తీసి తలుపు దగ్గర పెట్టావు. ఒక్క మాట అన్నావా నువ్వు?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ, అత్తగారి ముందు బాగుండదని, ఆమె అతన్ని మీరనే పిలుస్తోంది. నువ్వన్న మాట ఎప్పుడు నోట్లోంచి వచ్చిందో ఆమే గమనించలేదు. అతను గమనించాడు.

"అనలేదు," అన్నాడు. "అనకపోవడమే కాదు. అంతకంటే ఘోరం. ఓనరు నన్ను ముందే పిలిచి అడిగాడు, మీ ఇద్దరిలో ఎవరికివ్వమంటావని. నీ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. నాకివ్వండి అన్నాను."

రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"ఎందుకు?"

"ఫోన్ తీస్తే ఎడిటరమ్మగారి ఆయనా అంటారు. కొరియర్‌వాడు కూడా అంతే. ఎడిటరమ్మగారి ఆయన సంతకం పెట్టాలట! నేను కోసిన షాటు బాగుంటే నువ్వు చెప్పి ఉంటావనుకుంటారు. బాగాలేకపోతే అది నాది. నువ్వు మంచిదానివే. అదే నాకు ఇంకా మంట." అతను చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "నీకు మొన్న మొదలైంది. నాకు ఎప్పటినుంచో ఉంది."

చెయ్యెత్తి కొట్టాలనిపించింది ఆమెకు. కొట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆ రాత్రి ఇద్దరూ మంచానికి చెరోవైపు తిరిగి పడుకున్నారు.

ఆదివారం స్టూడియోకి మాత్రం కలిసే వెళ్ళారు. ఓనరు గొణుక్కుంటూ తన ఇంటి డ్రైవొకటి అరువిచ్చాడు. ముందు సినిమా మొత్తం అందులోకి కాపీ పెట్టారు. అది అయ్యాక, ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయో లేదో ఆమె ఒక్కొక్కటే చూసింది. అప్పుడు గానీ నారింజ డ్రైవును ముట్టుకోనివ్వలేదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి ఎంచుకుని ఫార్మాట్ చేసింది. "ఇది రెండింటికీ పనిచేస్తుంది. కానీ నీలాగా మాట్లాడకుండా పీకేస్తే ఊరుకోదు. ఎజెక్ట్ నొక్కి, ఆ దీపం ఆరాకే తియ్యాలి," అంది.

"నాలాగానా?" అన్నాడు అతను.

ఆమె నవ్వలేదు. తిరిగి నింపడం మొదలైంది. ఎంత నిండిందో చూపించే పచ్చగీత తెర మీద కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా పాకుతోంది. అత్తగారిని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వీలైతే ఒకసారి చూడు సినిమా. తిట్టాలనిపిస్తే తిట్టు."

అతను వెళ్ళాక ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కుర్చీ అతని ఎత్తుకు బిగించి ఉంది. కాళ్ళు నేలకు సరిగ్గా ఆనలేదు. అరువు డ్రైవులోంచి సినిమా పెట్టింది. తప్పులు పట్టడానికే పెట్టిందన్న సంగతి తన దగ్గర కూడా దాచుకోలేదు. చేతిలో పెన్సిలు ఉంది.

తప్పులు దొరికాయి. మొదటి భాగం అంతా గందరగోళం. రేవులో టికెట్లు చింపి ఇచ్చే మనిషి మధ్యలో ఊడిపడతాడు, ఎవరో తెలియదు. అతన్ని ముందే చూపిస్తే తర్వాత వచ్చేదంతా తీగ లాగినట్టు వస్తుంది. ఒకచోట మాట సగంలో తెగింది. ఆమె పెన్సిలు చురుగ్గా కదిలింది. మనసు తేలికపడుతోంది. ఇదీ వీడి పనితనం!

చివరికొచ్చింది. పడవ ఆఖరిసారి ఒడ్డుకు వచ్చింది. జనం దిగారు. ముసలాయన తాడు కట్టాడు, గట్టెక్కాడు, వెళ్ళిపోయాడు. ఇక్కడే కోయాలి. మనిషి వెళ్ళిపోయాక ఖాళీ చోటు చూపించకూడదని ఆమే నేర్పింది. చూసేవాడి కళ్ళు బరువెక్కకముందే కోసెయ్యాలి. ఆమె వేలు దానంతటదే కీ మీదికి వెళ్ళింది.

అతను కోయలేదు. తెర మీద నీళ్ళు ఉన్నాయి. పడవ రేపిన అల ఒకటి ఒడ్డును తాకింది. ఇంకొకటి, ఇంకాస్త చిన్నది. తాడు బిగుసుకుంది, వదులైంది. కిర్రుమనే చప్పుడు దూరదూరంగా వినిపించింది. మళ్ళీ వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. నీళ్ళు నిశ్చలమయ్యేదాకా అతను అలాగే ఉంచాడు. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, ఆ రేవు అయిపోయిందని.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తను చేస్తే కోసేసేది. నీటుగా, సరైన చోట కోసేసి, ఈ నీళ్ళను చెత్తబుట్టలో పారేసేది. ఇది తను నేర్పింది కాదు. ఇది అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది? పక్కన పడుకునే మనిషికి, ఉప్పు డబ్బా ఎక్కడుందో ఈరోజుకీ తెలియని మనిషికి?

మొన్నటి మంట ఒక తీరు. ఇది వేరు. మిషను కోసం ఓనరుని తిట్టుకోవచ్చు, అడిగి తీసుకున్నందుకు మొగుణ్ణి తిట్టుకోవచ్చు. దీనికి ఎవర్ని తిట్టాలి? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సినిమాకి వచ్చినవో, అసూయకి వచ్చినవో తేల్చుకోలేకపోయింది.

అతను తిరిగొచ్చేసరికి పచ్చగీత చివరికి చేరింది. గుమ్మంలోనే నిలబడి ఆమె ముఖం చూశాడు.

"ఎలా ఉంది?"

"చివర నీళ్ళు బాగున్నాయి," అంది. "చాలా బాగున్నాయి. ముట్టుకోకు. ఓనరు కుదించమన్నా వినకు." మళ్ళీ పెన్సిలు అందుకుంది. "మొదలు మాత్రం చెత్తగా ఉంది. టికెట్ల మనిషి ముందు రావాలి."

"మరి నువ్వే చెయ్."

ఆమె డ్రైవును ఎజెక్ట్ చేసి, దీపం ఆరాక తీసి, తలుపు పక్క తన కంప్యూటర్‌కి పెట్టుకుంది. తెరుచుకుంది. టికెట్ల మనిషిని ముందుకు తెచ్చింది, సగంలో తెగిన మాటను అతికించింది, అక్కర్లేని నాలుగు ముఖాలు తీసేసి సేవ్ చేసింది. అతను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి "అది ఉంచితే?" అన్నాడు. వద్దంది. ఇంకోసారి అంటే ఉంచింది.

సోమవారం డైరెక్టర్‌గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, సినిమా మొత్తం చూశారు. అయిపోయాక కూడా కాసేపు నల్లటి తెరనే చూస్తూ ఉండిపోయారు.

"ఆ ఆఖరి నీళ్ళు..." అన్నారు. ఎడిటరమ్మ వైపు తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నాకు తెలుసమ్మా. పేరు మీవారిదే వేస్తారేమో గానీ, అది మీ చెయ్యే. ఇంకెవరివల్లా కాదు."

ఓనరు తలూపాడు. సౌండు మామ కూడా ఊపాడు. కిటికీ దగ్గర భర్త వేలితో కేబుల్ చుట్టుకుంటున్నాడు. ఏమీ అనలేదు. అనేలా కూడా లేడు. పట్టుకున్న ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఇన్నిరోజులుగా ఆమె కోరుకున్నది సరిగ్గా ఈ మాటే. ఊరికే కూర్చుంటే చాలు, అది తనదైపోతుంది.

"కాదండీ," అంది ఎడిటరమ్మ. "మొదట్లో ఆ టికెట్ల మనిషిని పెట్టింది నేను. ఆ నీళ్ళు ఆయనవి. నేనైతే కోసేసేదాన్ని."

డైరెక్టర్‌గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అతనితో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ తాడు చప్పుడు ఎక్కడ ఆపాలో ఎలా తెలిసిందని అడుగుతున్నారు. అతను తడబడుతూ జవాబు చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూడటం ఎడిటరమ్మకు కష్టంగానే ఉంది. ఆమె లేచి ముందుగదిలోకి వెళ్ళింది. ఓనరు వెనకే వచ్చాడు.

"ఏమ్మా, ఏదైనా కావాలా?"

"ఇకమీదట నేను పైపని చెయ్యనండీ. ఇదొక్కటీ పూర్తిచేసి ఇస్తాను. ఆవిడ తర్వాతి సినిమా నేను చేస్తాను. నాకూ ఒక మిషను కావాలి."

ఓనరు నవ్వాడు. "మీవారికి ఒకటి ఇచ్చానుగా అమ్మా. ఇద్దరూ సర్దుకోకూడదూ?"

"అది ఆయనది."

"మీరు ఎప్పుడూ అడగలేదు కదమ్మా. ఆయన అడిగాడు, ఇచ్చాను."

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఓనరు గడ్డం గోక్కున్నాడు. క్యాలెండర్ వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. లోపలి గదిలోంచి భర్త నవ్వు వినబడింది. ఈమధ్య ఎన్నడూ వినని నవ్వు. ఆమె అటు తిరగలేదు. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు ఇంకోటి కొనాలంటే..." అన్నాడు ఓనరు.

"కొనండి," అంది ఎడిటరమ్మ.